ఇంటి నుండి తోటకు వైఫై

ఒట్టన్‌చత్రం దిండిగల్ జిల్లాలో పేరుపొందిన కూరగాయల సంత. చుట్టుపట్ల రైతులు నేడు మునగకాయల ధరను సెల్‌ఫోనులో తెలుసుకొనగలరు. కాని ఇంటిలో వైఫై పెట్టె ఉన్నా, తోట చివరనున్న పంపుగది వద్ద అది అందదు. కారణమేమి?

వైఫై సమాచారాన్ని మోసేవి రేడియో తరంగాలు. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ ఇటువంటి తరంగాలను గోడల గుండా పంపి, దూరాన గంట మ్రోగించాడు. అయితే గోడలు దాటేకొద్దీ వాటి బలం తగ్గుతుంది. నీరు నిండిన ఆకులు వాటిని పీల్చుకొంటాయి. అడ్డులేని చోట కూడ, దూరం రెండింతలైతే బలం నాల్గవ వంతే మిగులుతుంది.

కొందరు తోట చివర రిపీటరు పెడతారు. అందుకొనేదే బలహీనమైతే అది తిరిగి పంపేది ఏపాటిది? దానిని నడిమధ్యన ఉంచాలి. అంతకంటె మేలైన ఉపాయం తీగ. 100 మీటర్ల వరకు ఈథర్‌నెట్ తీగ చాలు. అంతకు మించితే గాజు తీగ కావాలి. దానిలో విద్యుత్తు పారదు గనుక పిడుగు భయమూ తక్కువ. ఆ తీగను గొట్టంలో ఉంచి పంపుగది వరకు పాతి, అక్కడ ఎండవానలకు ఓర్చే వైఫై పెట్టెను ఎత్తుగా బిగించాలి.

బావి గట్టున నిలిచి నీళ్లు చల్లితే దూరపు మడి తడుస్తుందా? గొట్టంతో అక్కడికి తేవాలి గదా! తరంగాల సంగతీ అంతే.