సౌండ్‌బాంబింగ్ అను పాటల సంపుటము

హిప్‌హాప్ అను మాట మా విద్యార్థుల నోట నిత్యము వినవచ్చుచున్నది. తలిదండ్రులలో ననేకులు దానిని వట్టి గోల యని త్రోసివేయుచున్నారు. కావున 1997వ సంవత్సరమున న్యూయార్కు నగరమునుండి వెలువడిన "సౌండ్‌బాంబింగ్" అను సంపుటమును గూర్చి వివరింప నుద్యమించితిమి.

ఈ కళ 1973 ఆగస్టు 11వ తేదీన, ఆ నగరమందలి బ్రాంక్స్ భాగమున, కూల్ హెర్క్ అను యువకుడు జరిపిన వేడుకలో పుట్టెనని చెప్పుదురు. ఒకే పాటగల రెండు రికార్డులను రెండు యంత్రములపై నుంచి, తాళము మాత్రమే వినబడు భాగమును అతడు మరలమరల వాయించుచుండెను. అట్టి తాళమున కనుగుణముగా లయతో మాటలు పలుకుటయే ర్యాప్. మన పద్యములలో ప్రాస ద్వితీయాక్షరమున నుండును. వారికి పాదాంతమునను, ఒక్కొక్కచో పాదమధ్యమునను నుండును. అప్పటికప్పుడు కల్పించి పలుకువారును గలరు. అవధానముల నెరిగిన మనకు ఇది వింత గాదు.

ఇట్టి సంపుటములను "అండర్‌గ్రౌండ్" అందురు. రహస్యమైన దేదియు నిందు లేదు. ఆ కాలమున పెద్ద సంస్థల ర్యాప్ పాటలలో బంగారు గొలుసులు, మోటారుబండ్లు, ధనగర్వము హెచ్చుగా వర్ణింపబడుచుండెను. వేరు త్రోవ ద్రొక్కినవారికి రేడియోలో తావు చిక్కుట దుర్లభము. వారు 12 అంగుళముల రికార్డుపై ఒకటి రెండు పాటలు ముద్రించి చిన్న దుకాణములలో నమ్ముకొనుచుండిరి. రికార్డు యంత్రము లేనివానికి, అట్టి దుకాణము దాపున లేనివానికి, ఆ పాట పుట్టనట్లే.

ఈ కొరతను దీర్చినది రాకస్ సంస్థ. 1995లో బ్రయన్ బ్రేటర్, జారెట్ మాయర్ అను మిత్రులు దీనిని స్థాపించిరి. తమ రికార్డులలోని పాటలను ఒక్కచోట జేర్చి సౌండ్‌బాంబింగును వెలువరించిరి. మాస్ డెఫ్, తాలిబ్ క్వేలీ, కంపెనీ ఫ్లో మొదలగువారి గొంతుక లిందు వినవచ్చును. డీజే ఈవిల్ డీ వీనిని కూర్చెను. ఒక పాట ముగియకమున్నే రెండవదాని వేగమును మొదటిదానితో సరిపుచ్చి, తాళము తెగకుండ నందులోనికి జారుటయే ఈ కూర్పునందలి నేర్పు. గోడలపై రంగులతో తమ పేర్లు వ్రాయువారు ఆ పనిని "బాంబింగ్" అందురు. సంపుటము పేరు దానిని దలపించును. ఇందలి కొన్ని మాటలు పాఠశాలయందు పలుకదగినవి కావు. వానిని మేము సమర్థింపము. పదముల కూర్పునందలి శ్రమను మాత్రము కాదనలేము.

ఇక "స్వతంత్ర" అను మాటయే చిక్కైనది. రాకస్ సంస్థకు ధనసహాయ మొనర్చినవాడు జేమ్స్ మర్డాక్, లోకప్రసిద్ధుడగు పత్రికాధిపతి కుమారుడు! పెద్ద సంస్థలకు వెలియైన పాటలు పెద్దింటి సొమ్ముతోనే వెలువడినవన్నమాట. అయినను ఆ సొమ్ము లేకున్న మాస్ డెఫ్ వంటివారిని దూరదేశములవా రెరుగుట ఆలస్యమై యుండును. రెండవ సంపుటము 1999లో వచ్చెను. 2002లో మూడవది వచ్చునప్పటికి రాకస్ ఎం.సీ.ఏ. అను పెద్ద సంస్థతో జేరియుండెను. కంపెనీ ఫ్లో లోని ఎల్-పీ అంతకు మునుపే రాకస్‌ను వీడి, డెఫినిటివ్ జక్స్ అను సొంత సంస్థను నెలకొల్పి, 2001లో తనవారి పాటలతో వేరొక సంపుటమును వెలువరించెను.