కాలికి దిగిన నీరు, మనసుకు పట్టిన దిగులు

హైదరాబాదులో విమానమెక్కి, గల్ఫ్ నగరమొకదానిలో దిగి, అక్కడ మరొక విమానం పట్టుకొని అమెరికా చేరేసరికి దాదాపు ఒక పూర్తి పగలూ రాత్రీ గడిచిపోతాయి. విమానాశ్రయంలో మనుమడు వంగి కాళ్ళకు దండం పెట్టేటప్పుడు గానీ ఆ కాళ్ళను ఎవరూ పరీక్షగా చూడరు. చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగి ఉంటాయి. చీలమండ ఎముక కనిపించదు. "ప్రయాణం బడలిక నాయనా, రేపటికి తగ్గిపోతుందిలే" అని ఆ తల్లి కుచ్చిళ్ళు సవరించుకుంటుంది. చాలామంది విషయంలో ఆమె మాటే నిజమవుతుంది. రెండు మూడు రోజుల్లో వాపు తీస్తుంది. తీయకపోతే మాత్రం ఆ సంగతి ఆమె చెప్పదు. సందర్శకుల బీమా పాత జబ్బులకు సాధారణంగా వర్తించదనీ, ఇక్కడ వైద్యుని గడప తొక్కితే వందల డాలర్లనీ ఆమె ఎవరి నోటనో వినే ఉంటుంది. కొడుక్కు భారం కాకూడదని మేజోళ్ళు తొడుక్కొని సోఫాలో కూర్చుంటుంది. కూర్చున్నకొద్దీ వాపు పెరుగుతుంది. పెరిగినకొద్దీ దిగులు పట్టుకొని, లేవడానికే భయపడుతుంది.

ఇటువంటి ఇళ్ళలోకి ఒక కొత్త చికిత్స ప్రవేశించింది. ముఖం మీదా, ఛాతీ మీదా కొన్ని చోట్ల వేలికొసలతో తట్టుకుంటూ, మనసులోని బాధను మాటల్లో చెప్పుకుంటూ, కాళ్ళూ చేతులూ మెల్లగా కదిలిస్తే కాలివాపు కరిగిపోతుందని చెబుతారు. ఇందులో రెండు వేర్వేరు వస్తువులను ఒకే మూటలో కట్టారు. కదలికకు నాలుగు వందల ఏండ్ల శాస్త్రం అండగా ఉంది. తట్టడం సంగతి వేరు. మూట విప్పి చూస్తే గానీ ఏది ఎంతవరకు అక్కరకు వస్తుందో తేలదు.

గుండె నుంచి బయలుదేరిన రక్తం పాదాలకు చేరడంలో వింత లేదు. వెనుక గుండె తోపు ఉంది, పైగా పల్లానికి ప్రయాణం. వింతంతా తిరుగు ప్రయాణంలోనే ఉంది. కదలకుండా నిలబడిన మనిషి చీలమండ దగ్గర సిరలోని ఒత్తిడి సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసం. గుండె నుంచి అక్కడి దాకా నిలిచిన రక్తపు బరువే అది. అదే మనిషి నాలుగడుగులు వేయగానే ఆ ఒత్తిడి 30 ప్రాంతానికి పడిపోతుంది. ఈ మార్పు తెచ్చేది పిక్క. అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరాలు బిగుసుకొని, వాటి నడుమ పోయే లోతు సిరలను పిండుతాయి. రక్తం పైకి లేస్తుంది. కండరం సడలినప్పుడు అది వెనక్కి జారకుండా సిరల్లో కవాటాలున్నాయి. పిక్కను రెండవ గుండె అని వైద్యులు పిలవడం ఇందుకే.

ఈ కవాటాల కథ ముచ్చటైనది. ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు ఫాబ్రిసియస్ వాటిని గురించి 1603లో ఒక గ్రంథం ప్రకటించాడు. రక్తం కాళ్ళలోకి మరీ ఉధృతంగా దిగిపోకుండా ఆపే అడ్డుకట్టలని ఆయన భావించాడు. ఆయన శిష్యుడు విలియం హార్వే వాటినే మరొక కంటితో చూచి, అవి రక్తాన్ని గుండెవైపు మాత్రమే పోనిస్తాయని గ్రహించి, 1628లో రక్తప్రసరణ సిద్ధాంతాన్ని లోకానికి అందించాడు. హార్వే చేసి చూపించిన పరీక్షను ఎవరైనా చేయవచ్చు. ఉబికిన చేతి సిర మీద ఒక వేలితో అదిమి, మరో వేలితో అక్కడి నుంచి మోచేతివైపు రక్తాన్ని నెట్టాలి. పై వేలు తీసినా సిర ఖాళీగానే ఉంటుంది. కింది వేలు తీస్తేనే నిండుతుంది. పిల్లలకు చూపించదగిన ప్రయోగం.

అయితే వాపులో ఉండేది రక్తం కాదు, నీరు. సన్నని కేశనాళికల గోడల నుంచి రక్తంలోని ద్రవం కొంత ఎల్లవేళలా కణాల మధ్యకు ఊరుతూ ఉంటుంది. లోపలి ఒత్తిడి దాన్ని బయటికి నెడుతుందనీ, రక్తంలోని మాంసకృత్తులు దాన్ని లోపలికి లాగుతాయనీ ఇంగ్లండుకు చెందిన ఎర్నెస్ట్ స్టార్లింగ్ 1896లో వివరించాడు. ఊరిన నీటిలో చాలాభాగం తిరిగి కేశనాళికల్లోకే చేరుతుందని ఆ తర్వాత నూరేండ్లకు పైగా పాఠ్యపుస్తకాలు బోధించాయి. అది సరికాదనీ, చాలా అవయవాల్లో ఆ నీటిని వెనక్కి చేర్చే భారం ప్రధానంగా శోషరస నాళాలదేననీ లెవిక్, మిషెల్ అనే శాస్త్రజ్ఞులు 2010లో సమీక్షించి చూపారు.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో పుట్టిపెరిగిన వారికి ఇది సులభంగా బోధపడుతుంది. పంటకాలువ నీరు తెస్తుంది. మిగులు నీటిని మురుగుకాలువ తీసుకుపోవాలి. మురుగుకాలువ పూడితే పంటకాలువలో ఎంత మంచి నీరు పారినా చేను ముంపుకు గురవుతుంది. శరీరంలో ఆ మురుగుకాలువ శోషరస నాళం. దానికి ప్రత్యేకంగా గుండె అంటూ లేదు. తన గోడలు ముడుచుకోవడం వల్ల కొంత, చుట్టూ ఉన్న కండరాలు కదలడం వల్ల కొంత, శ్వాస వల్ల కొంత అది ప్రవహిస్తుంది. కదలని మనిషిలో ఈ మూడింటిలో రెండవది ఆగిపోతుంది. ఆదుర్దాతో పైపైన ఊపిరి తీసేవారిలో మూడవది కూడా బలహీనపడుతుంది.

ఈ నాళాలు చెడితే ఏమవుతుందో తీరాంధ్రలో ఎవరికీ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ఆయుర్వేదంలో శ్లీపదమని పేరున్న బోదకాలు ఆ చెడుపు ఫలితమే. క్యూలెక్స్ దోమ ద్వారా వచ్చే సన్నని పురుగు శోషరస నాళాల్లో కాపురం పెట్టి వాటిని పాడుచేస్తుంది. పురుగు చచ్చినా నాళం బాగుపడదు. అటువంటి కాలికి కూడా మేలు చేయగలిగినవి రోజూ సబ్బుతో కడిగి పొడిగా తుడవడం, ఎత్తున పెట్టడం, చీలమండను ఆడించడం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ బోధిస్తోంది. కేరళలోని కాసరగోడులో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అప్లైడ్ డెర్మటాలజీ యోగాసనాలను, శ్వాసను, ఆయుర్వేద పద్ధతులను, ఆధునిక కట్లను కలిపి బోదకాలు రోగులకు చికిత్స చేస్తూ, ఫలితాలను వైద్యపత్రికల్లో ప్రకటించింది. మెల్లని కదలిక అంటే తీసిపారేయదగినది కాదని ఈ ఒక్క ఉదాహరణ చాలు.

కదలకపోవడం వల్ల వచ్చే కీడుకు లండన్ నగరం ఒకప్పుడు సాక్ష్యమైంది. 1940లో జర్మన్ బాంబుదాడుల రాత్రులలో జనం భూగర్భ ఆశ్రయాల్లో మడత కుర్చీలలో కూర్చొనే నిద్రపోయేవారు. బాంబు తగలకుండానే కొందరు ఉదయాన లేచి నాలుగడుగులు వేసి కుప్పకూలి మరణించారు. శవపరీక్షలు చేసిన కీత్ సింప్సన్ ఆ సంవత్సరమే లాన్సెట్ పత్రికలో కారణం తెలియజేశాడు. కుర్చీ అంచు ఒత్తిడికి కాళ్ళలో రక్తం నిలిచి, గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరిందని. నేటి విమానపు కుర్చీ ఆ కుర్చీకి దూరపు చుట్టమే. నాలుగు గంటలకు మించిన ప్రయాణం ఇటువంటి గడ్డల ప్రమాదాన్ని సుమారు రెట్టింపు చేస్తుందనీ, అయినా అది ఆరువేల మందిలో ఒకరికి మాత్రమే సంభవిస్తుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించింది. భయపడనక్కరలేదు, మరచిపోనూ కూడదు.

ఇంట్లో చేయదగినవి చాలా తేలిక. కూర్చున్నచోటనే మడమలు నేలకానించి వేళ్ళు పైకెత్తడం, తర్వాత వేళ్ళు ఆనించి మడమలెత్తడం. ఇలా ఇరవై ముప్పై సార్లు, గంటకొకసారి. వంటింటి గట్టు పట్టుకొని మునివేళ్ళ మీద లేచి దిగడం. మధ్యాహ్నం నడుము వాల్చినప్పుడు పాదాలు గుండెకంటె ఎత్తున ఉండేలా దిండ్లు పేర్చుకోవడం. పొట్ట పైకి వచ్చేలా నిండుగా ఊపిరి పీల్చి నిదానంగా వదలడం. పీల్చినప్పుడు ఛాతీలోని ఒత్తిడి తగ్గి, సిరల రక్తమూ శోషరసమూ పైకి లాగబడతాయి. మంచు కురిసే రోజుల్లో దుకాణ సముదాయాల్లో నడవడానికి తీసుకువెళితే మరీ మంచిది. ఊళ్ళో గుడికీ, కూరల బజారుకూ రోజుకు నాలుగుసార్లు తిరిగిన కాళ్ళవి. ఇక్కడ కారు తలుపు నుంచి ఇంటి తలుపు దాకానే వాటికి పని. చాలామంది పెద్దల కాళ్ళవాపుకు మూలం రోగం కంటె ఈ కొత్త జీవితమే కావచ్చు. రాత్రంతా టెలివిజన్ ముందు కుర్చీలోనే కునికే అలవాటుంటే దాన్ని మొదట మాన్పించాలి.

ఇక తట్టడం. అమెరికన్ మనస్తత్వవేత్త రోజర్ కల్లహాన్ 1980 ప్రాంతంలో, నీళ్ళంటే విపరీతంగా భయపడే ఒక స్త్రీకి కంటికింద తట్టమని చెప్పగా ఆ భయం పోయిందని తానే వ్రాసుకున్నాడు. ఆ పద్ధతి పుట్టుక నీటి భయంలోనే ఉందన్నమాట! ఆయన వద్ద నేర్చుకున్న గారీ క్రెయిగ్ అనే ఇంజినీరు 1990లలో దాన్ని సులభం చేశాడు. అరచేతి అంచు, కనుబొమ మొదలు, కంటి పక్క, కంటి కింద, ముక్కు కింద, గడ్డం, మెడ ఎముక కింద, చంక కింద, నడినెత్తి. ఈ చోట్ల వరుసగా తట్టుకుంటూ మనసులోని బాధను పేరుపెట్టి చెప్పుకోవాలి. చీనా వైద్యంలోని ప్రాణశక్తి మార్గాలు ఆ చోట్ల ఉన్నాయని వారి వాదం.

ఆ వాదాన్ని కెనడాలో వెయిట్, హోల్డర్ అనే పరిశోధకులు పరీక్షించి 2003లో ప్రకటించారు. 119 మంది విద్యార్థులను నాలుగు జట్లు చేశారు. ఒక జట్టు చెప్పిన చోట్ల తట్టుకుంది, ఒకటి వేరే చోట్ల తట్టుకుంది, ఒకటి బొమ్మను తట్టింది, ఒకటి కాగితపు బొమ్మ చేస్తూ కూర్చుంది. మొదటి మూడు జట్లలోనూ భయం తగ్గింది. అంటే గుణం ఆ స్థానాలలో లేదు. తట్టడంలోని లయ, దృష్టి మళ్ళడం, దాచుకున్న బాధను నోట పలకడం, వీటిలో ఏదో ఉంది. తరువాతి కాలంలో కొన్ని పరిశోధనలు ఆదుర్దా తగ్గడాన్ని చూపాయి. శక్తి మార్గాలను మాత్రం ఎవరూ నిరూపించలేదు. తట్టడం కాలిలోని నీటిని కదుపుతుందనడానికి నమ్మదగిన ఆధారం లేదు. పసిబిడ్డను జోకొట్టి నిద్రపుచ్చే తల్లులకు లయగల స్పర్శ చేసే పని తెలియనిది కాదు. దిగులుతో కుర్చీకి అతుక్కుపోయిన పెద్దామెకు పది నిమిషాల తట్టుడు ధైర్యమిచ్చి లేపి నడిపిస్తే, ఆ నడక నీటిని తీస్తుంది. అంతవరకు దాన్ని కాదనవలసిన పనిలేదు.

ప్రమాదమల్లా తట్టుకుంటూ కాలం గడపడంలో ఉంది. రెండు కాళ్ళూ సమానంగా ఉబ్బి, బొటనవేలితో నొక్కితే గుంటపడి, రాత్రికి తగ్గి సాయంత్రానికి పెరిగేది ఒక తీరు. ఒక్క కాలు మాత్రమే హఠాత్తుగా వాచి, పిక్క నొప్పిగా, వేడిగా, ఎర్రగా ఉంటే అది పూర్తిగా వేరు. అక్కడ గడ్డ ఉందేమోనని వైద్యుడు అదే రోజు చూడాలి. అంతవరకు నువ్వులనూనె పెట్టి మర్దన చేయకూడదు. ఊపిరి ఆడకపోవడం, ఛాతీనొప్పి, దగ్గులో రక్తం కనబడితే ఆలోచించకుండా 911కు పిలవాలి. పడుకుంటే ఆయాసం వచ్చి దిండ్ల మీద దిండ్లు వేసుకునేవారి వాపు గుండె బలహీనతకు గుర్తు కావచ్చు. అటువంటివారికి కాళ్ళు పైకెత్తి పెట్టడం కూడా ఆయాసం పెంచవచ్చు. కళ్ళచుట్టూ ఉబ్బి మూత్రం నురగగా పోతుంటే మూత్రపిండాలను పరీక్షించాలి. మధుమేహం ఉన్నవారు, కాలి ధమనులు సన్నబడినవారు వైద్యుడు చూడకుండా బిగుతు మేజోళ్ళు తొడగరాదు.

ఇన్ని పరీక్షలకు ముందు, స్వదేశం నుంచి తెచ్చుకున్న మాత్రల పెట్టెను ఒకసారి తెరవడం మంచిది. రక్తపోటుకు విరివిగా వాడే ఆమ్లోడిపిన్ చాలామందికి చీలమండల వాపు తెస్తుంది. అది సన్నని ధమనులను వెడల్పు చేయడంతో కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు ఊరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు కాబట్టి, నీరుడు మాత్రలతో అది అంతగా తగ్గదు. వైద్యుడు మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో చేస్తే తీస్తుంది. తనంతట తాను మాత్ర మానితే రక్తపోటు పెరిగి అసలుకే మోసం వస్తుంది. కీళ్ళనొప్పులకు మింగే మాత్రలు కూడా కొన్ని ఒంట్లో ఉప్పును నిలుపుతాయి. ఉప్పు రోజుకు 5 గ్రాములకు లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. సామానులో భద్రంగా కట్టి తెచ్చిన ఆవకాయ జాడీ దగ్గర ఈ లెక్క కొంచెం కష్టమే!

మాత్రల పేర్లు, మోతాదులు, వాపు కనిపించిన తేదీ, ఒక కాలా రెండు కాళ్ళా అన్న సంగతి ఒక కాగితం మీద వ్రాసి ఉంచితే, స్వదేశంలో చూసే వైద్యునికి ఫోనులో చదివి వినిపించవచ్చు. ఇక్కడ అత్యవసర విభాగానికి వెళ్ళవలసివచ్చినా ఆ కాగితమే ముందు అడుగుతారు. తిరుగు ప్రయాణంలో నడవా పక్క సీటు అడిగి తీసుకోవడం, చీరకు బదులు వదులైన దుస్తులు, గంటకొకసారి మడమలెత్తి దించడం, లోగడ గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు బయలుదేరకముందే వైద్యుణ్ణి సంప్రదించడం కూడా అదే కాగితం చివర వ్రాసుకోవచ్చు.