కంట్లో జారిన అద్దం

"ఒరేయ్, దీపాలు రెండు కనిపిస్తున్నాయేమిట్రా?" అని మా అమ్మ అడిగితే, కళ్ళజోడు మార్చాలి కాబోలు అనుకున్నాను. శుక్లం తీయించి తొమ్మిదేళ్ళయింది. లోపల అమర్చిన అద్దం జారుతుందని ఎవరనుకుంటారు?

తప్పు అద్దానిది కాదన్నారు డాక్టరుగారు. శుక్లం తీసినా దాని పైతిత్తిని ఉంచి, అందులోనే అద్దాన్ని పెడతారు. ఆ తిత్తి అతిసన్నని పోగులమీద ఉయ్యాలలా వేలాడుతుంది. వయస్సు మళ్ళో, దెబ్బ తగిలో పోగులు తెగితే, తిత్తీ అద్దమూ కలిసే ఒరుగుతాయి. "ఆలస్యం చేస్తే కంటి వెనక్కు పడిపోవచ్చు" అనేసరికి అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

1949లో లండనులో హెరాల్డ్ రిడ్లీ తొలిసారి ఇటువంటి అద్దం అమర్చాడు. విమానాల పెర్‌స్పెక్స్ ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకున్నా కన్ను వాటిని సహించడం ఆయన గమనించాడట! యుద్ధంవల్ల కూడా ఒక మేలు!

జారినదాన్ని పారెయ్యనక్కరలేదు, చాలాసార్లు అదే పనికొస్తుంది. కంటిలోని జెల్లీవంటి పదార్థం కొంత తీసి, అద్దాన్ని పైకెత్తి, దాని సన్నని కాడలను తెల్లగుడ్డు గోడకు దారంతో కుడతారు. చెన్నై డాక్టరు అమర్ అగర్వాల్ బృందం 2008లో ప్రకటించిన పద్ధతిలో కుట్టే లేదు. కాడలను గోడలోకి దూర్చి, పైపొరను జిగురుతో అంటిస్తారు.

అమ్మకు దారమే వేశారు. మొన్న సందెవేళ దీపం వెలిగించి, "ఒకటేరా" అంది. రెటీనా చూడాలి, వచ్చే నెల మళ్ళీ రమ్మన్నారు.