హోల్కారు జట్టు కథ

మన ఇళ్లలో క్రికెట్టు మాట వస్తే పెద్దవారు ఏ ఆటగాడి దగ్గర మొదలుపెట్టినా చివరికి సి.కె. నాయుడు దగ్గరకు వచ్చి ఆగుతారు. "మన నాయుడు" అంటారు, ఏదో పక్క వీధిలో ఉన్న బంధువును తలచుకున్నట్లు. ఆయన ఏ జట్టు తరఫున ఆడాడని పిల్లలను అడిగి చూడండి. ఇండియా జట్టు అంటారు. అది నిజమే గాని, ఇండియా తరఫున ఆయన ఆడింది ఏడు టెస్టులే. ఆయన తన చేతులతో పెంచి, నడిపి, గెలిపించిన జట్టు వేరే ఉంది. దాని పేరు హోల్కారు. అది పుట్టింది 1941లో, పోయింది 1955లో. పద్నాలుగేళ్ల ఆయుర్దాయం. దాని ఆఖరి ఆటలో దాన్ని ఓడించింది మరెవరో కాదు, మన మదరాసు జట్టే. కోయంబత్తూరు, మధుర అప్పుడు మదరాసు రాష్ట్రంలోనివే కనుక ఆ గెలుపులో మనకూ భాగం ఉంది. ఓటమిలో కూడా ఉందని నాకు తోస్తుంది. ఎందుకో చెబుతాను.

కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూరులో పుట్టాడు. పూర్వులది మచిలీపట్నం ప్రాంతం. తాతగారి కాలానికే ఆ కుటుంబం నాగపూరులో స్థిరపడి, వకీళ్లుగా పేరు తెచ్చుకొంది. మన పూర్వులు విజయనగరపు నాయకుల వెంట సైన్యంలో కొందరు, నాగలి పట్టుకొని కొందరు దక్షిణానికి దిగి ఈ నల్లరేగడి నేలల్లో పత్తి పండించుకున్నారు. వారు ఉత్తరానికి ఎక్కారు. ఇంట్లో ఒక భాష, వాకిలి దాటితే మరొకటి అనే బ్రతుకు వారికీ మనకూ ఒకటే.

1923లో ఇందూరు సంస్థానాధీశుడు తుకోజీరావు హోల్కారు ఆయన్ను పిలిపించి తన సైన్యంలో కెప్టెన్ ఉద్యోగం ఇచ్చాడు. యుద్ధం చేయడానికి కాదు, క్రికెట్టు ఆడటానికి. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో ఇంగ్లండు నుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై హిందూ జట్టు తరఫున 153 పరుగులు చేశాడు. అందులో సిక్సర్లే పదకొండు. 1932లో లార్డ్స్‌లో ఇండియా మొట్టమొదటి టెస్టు ఆడినప్పుడు కెప్టెను ఆయనే.

ఇక్కడ ఒక్క మాట. 1936లో ఇండియా జట్టుకు కెప్టెనుగా ఇంగ్లండు వెళ్లినవాడు విజయనగరం మహారాజకుమారుడు 'విజ్జీ'. తెలుగుదేశపు రాజకుమారుడు కెప్టెను, తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె. ఆయన కింద ఆటగాడు. ఇద్దరికీ సరిపడలేదన్న సంగతి జగద్విదితం. ఎవరు ఎంత ఆడగలరో తెలిసినవారికి ఆ కథ చదివితే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. సంస్థానపు క్రికెట్టులో ఉన్న చిక్కే ఇది. డబ్బు పెట్టేవాడు రాజు; తానే ఆడతానంటే కాదనేదెవరు?

ఇందూరులో ఆ చిక్కు రాలేదు. అప్పటికి గద్దెమీద ఉన్న యశ్వంతరావు హోల్కారు డబ్బు పెట్టాడు, జట్టును సి.కె. చేతిలో పెట్టాడు. అంతకు ముందు మధ్య ఇండియా పేరుతో రంజీ ట్రోఫీ ఆడుతున్న జట్టు 1941–42 నుండి హోల్కారు అయింది. ఇందూరు కుర్రవాడే అయిన ముస్తాక్ అలీని చిన్నతనంలోనే గుర్తించి తీర్చిదిద్దింది సి.కె. మాంచెస్టరులో 1936లో 112 పరుగులు చేసి, విదేశంలో టెస్టు శతకం కొట్టిన మొదటి భారతీయుడు ముస్తాక్. ఇక చందూ సర్వటే: వృత్తి వేలిముద్రల పరిశీలన. 1946లో లండనులో సర్రే జట్టుమీద పదో నంబరుగా దిగి, పదకొండో నంబరు షూటే బెనర్జీతో కలిసి 249 పరుగులు జోడించి, ఇద్దరూ శతకాలు చేసిన ఘనుడు. సి.కె. తమ్ముడు సి.ఎస్. నాయుడు కూడ ఈ జట్టులో చేరాడు. లెగ్ స్పిన్ బౌలరు.

ఈ తమ్ముడుగారి ఓపిక సంగతి చెప్పకపోతే కథ సాగదు. 1945 మార్చిలో బొంబాయి బ్రాబోర్న్ స్టేడియంలో బొంబాయితో ఫైనలు. బొంబాయి మొదట 462, రెండోసారి 764 చేసింది. ఆ రెండు ఇన్నింగ్సుల్లో సి.ఎస్. వేసిన బంతులు 917. ఓవర్లలో చెప్పాలంటే 152 ఓవర్ల 5 బంతులు. 428 పరుగులిచ్చి 11 వికెట్లు తీశాడు. ఒక్క ఆటలో అన్ని బంతులు వేసినవాడు ప్రపంచంలో మరొకడు లేడు. ఎండలో అంతసేపు అన్న ఆడించాడా, తమ్ముడే బంతి వదలలేదా అని మా ఇంట్లో ఒక పాత వాదం ఉండేది. అది తేలలేదు.

అదే ఆటలో హోల్కారు తరఫున ఇంగ్లండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ ఆడాడు. యుద్ధకాలంలో సైనికుడుగా ఇందూరు దగ్గర మౌ కంటోన్మెంటులో ఉండేవాడు. గెలవడానికి 867 పరుగులు కావలసిన చోట కాంప్టన్ 249 చేసి అవుటు కాకుండా నిలిచాడు. ముస్తాక్ రెండు ఇన్నింగ్సుల్లోనూ శతకాలు కొట్టాడు. అయినా హోల్కారు 374 పరుగుల తేడాతో ఓడింది. వంద దాటిన ప్రతి పరుగుకూ ఇంత అని ఒక ధనికుడు పందెం కాసి, తీరా ఆట ముగిసేసరికి పని పడిందని ఊరు విడిచి వెళ్లాడని కాంప్టన్ తర్వాత నవ్వుతూ చెప్పేవాడట.

మరుసటి ఏడు కసి తీర్చుకున్నారు. ఇందూరులో మైసూరుమీద 8 వికెట్లకు 912. భండార్కర్, సర్వటే, జగదాలే, సి.కె., నింబాల్కర్, ప్రతాప్ సింగ్ అని ఆరుగురు శతకాలు. ఒకే ఇన్నింగ్సులో ఆరు శతకాలు అంతకు ముందు ప్రపంచంలో ఎక్కడా లేవు. పాపం మైసూరు! ఫైనలులో బరోడామీద యాభై దాటిన సి.కె. 200 పరుగులు చేశాడు. హోల్కారుకు మొదటి రంజీ ట్రోఫీ. 1947లో బరోడా వంతు వచ్చింది: హజారే, గుల్ మహమ్మద్ కలిసి హోల్కారు బౌలర్లమీద 577 పరుగులు జోడించారు. ఆ రికార్డు 2006 దాకా చెక్కుచెదరలేదు.

మొత్తం మీద 1945 నుండి 1955 వరకు పదకొండు ఫైనళ్లు జరిగితే, పదింటిలో హోల్కారు ఉంది. నాలుగు గెలిచింది, ఆరు ఓడింది. 1951–52 ఫైనలులో బొంబాయి ఫాస్టు బౌలరు ఫడ్కర్ వేసిన బంతి తగిలి 56 ఏళ్ల సి.కె.కు పళ్లు రాలాయి. ఆయన బయటికి పోలేదు, ఆడుతూనే ఉన్నాడు. ఇప్పటి తలకవచాల కాలంలో ఇది మొండితనంగా తోచవచ్చు. మొండితనమే. జట్టు ఆ మొండితనం మీదే నడిచింది.

అయితే జట్టు కింద నేల అప్పటికే జారిపోయింది. 1948లో ఇందూరు సంస్థానం మధ్యభారత్‌లో కలిసింది. సంస్థానం పోయిన తర్వాత కూడ ఏడేళ్లు దాని పేరుతో జట్టు ఆడుతూ వచ్చిందంటే ఆశ్చర్యమే. 1952–53 ట్రోఫీ ఆఖరిది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ ఏడే రంజీ ట్రోఫీలోకి ఆంధ్ర జట్టు మొదటిసారి వచ్చింది. దానికి కెప్టెనుగా ఎవరిని పిలిచారనుకున్నారు? 58 ఏళ్ల సి.కె.ను. మచిలీపట్నం విడిచిన కుటుంబపు మనుమడు తెలుగు పేరున్న జట్టుతో మైదానంలోకి దిగడానికి అంతకాలం పట్టింది.

1955లో ఇందూరులో హోల్కారు చివరి ఫైనలు ఆడింది. ఎదురుగా బాలు అళగనన్ నాయకత్వంలో మదరాసు. మదరాసు 46 పరుగులతో గెలిచి, మొదటిసారి రంజీ ట్రోఫీ పట్టుకొచ్చింది. ఆ గెలుపుకు ముఖ్యుడు కృపాల్ సింగ్: రెండు ఇన్నింగ్సుల్లో 75, 91. అతని కుటుంబం పంజాబు నుండి వచ్చి మదరాసులో స్థిరపడిన సిక్కులు. తెలుగువాడు ఇందూరులో పెంచిన జట్టును, పంజాబీ కుర్రవాడు మదరాసు కోసం ఓడించాడు! వలస వచ్చిన ఇళ్లవాళ్లం మనం, ఎవరి పక్షాన చప్పట్లు కొట్టాలో చెప్పండి.

మరుసటి సీజనుకు హోల్కారు పేరు తీసివేశారు. మధ్యభారత్ అన్నారు, తర్వాత మధ్యప్రదేశ్ అయింది. సి.కె. ఉత్తరప్రదేశ్ జట్టుకు కూడ 1956–57లో ఆడాడు, అరవై దాటాక. 1967 నవంబరు 14న ఇందూరులోనే కన్నుమూశాడు. యువకుల పోటీ ఒకటి ఆయన పేరుతోను, ఇరవై ఓవర్ల దేశవాళీ పోటీ ముస్తాక్ అలీ పేరుతోను జరుగుతున్నాయి. ఇందూరు స్టేడియానికి 2010లో హోల్కారు పేరు పెట్టారు. మధ్యప్రదేశ్ రంజీ ట్రోఫీ మొదటిసారి గెలిచింది 2022 జూనులో, బెంగుళూరులో. ఓడింది ముంబయి. ఆ పాత బొంబాయే.