వేమన ఎన్ని వికీల్లో ఉన్నాడు?

వేమన జీవితం గురించి తెలుసుకోవాలంటే తెలుగు వికీపీడియా తెరుస్తాం. పద్యాలు చదవాలంటే వికీసోర్స్‌కు వెళ్లాలి. పద్యంలో తగిలిన పాత మాటకు అర్థం విక్షనరీలో దొరుకుతుంది, బొమ్మలు కామన్స్‌లో ఉంటాయి. ఈ నాలుగింటినీ నడిపేది ఒక్క వికీమీడియా ఫౌండేషనే. అయినా సాంకేతికంగా ఇవి నాలుగు వేర్వేరు సైట్లు. దేని డేటాబేసు దానిది, వెతుకులాటకు వాడే సూచిక కూడా దేనిది దానికే. ఒకదాంట్లో ఉన్న పేజీ సంగతి రెండోదానికి తనంతట తాను తెలియదు. ఎవరో ఒకరు లంకె వేయాలి.

ఈ అవసరం వికీలు పుట్టిన కొద్దికాలానికే తెలిసొచ్చింది. వార్డ్ కన్నింగ్‌హామ్ 1995 మార్చి 25న తొలి వికీని ఇంటర్నెట్‌లో పెట్టాడు. అదే పద్ధతిలో మరికొన్ని వికీలు రావడంతో, ఒక సైటులో రాస్తూ ఇంకో సైటు పేజీని చూపాలంటే ప్రతిసారీ పొడవాటి చిరునామా కొట్టాల్సి వచ్చేది. దానికి విరుగుడుగా వచ్చిందే ఇంటర్‌వికీ. ప్రతి సైటుకూ ఒక పొట్టిపేరు పెట్టి, ఏ పేరు ఏ చిరునామాకు చెందుతుందో ఒక పట్టికలో రాసుకుంటారు. రేపు ఆ సైటు చిరునామా మారినా పట్టికలో ఒక్క వరుస దిద్దితే చాలు, వేల పేజీల్లోని లంకెలన్నీ మళ్లీ పనిచేస్తాయి.

ఇప్పటికీ అదే పద్ధతి నడుస్తోంది. వేమన వ్యాసం రాసేవారు రెండు చదరపు బ్రాకెట్లు తెరిచి, వికీసోర్స్‌కు గుర్తయిన ఇంగ్లిషు ‘ఎస్’ అక్షరం, దాని పక్కన కోలన్, ఆ తర్వాత ‘వేమన పద్యాలు’ అని కొట్టి బ్రాకెట్లు మూస్తే లంకె పడినట్టే.

ఇందులో ఒక చిక్కుంది. సొంత వికీలో లేని పేజీకి లంకె ఇస్తే అది ఎర్రగా కనిపించి హెచ్చరిస్తుంది. పక్క వికీకి ఇచ్చిన లంకె మాత్రం ఎప్పటికీ ఎర్రబడదు, అవతల ఆ పేజీ ఉందో లేదో ఇవతలి సాఫ్ట్‌వేర్ చూడదు కాబట్టి. ఒక దీర్ఘం తప్పిపోయినా నీలంగానే మెరుస్తుంది. నొక్కిచూసిన పాఠకుడికే అసలు సంగతి తెలుస్తుంది. ‘ఇక్కడికి లింకున్న పేజీలు’ అనే జాబితా కూడా సొంత వికీ గోడ దాటి చూడదు.

భాషల మధ్య లంకెల కథ ఇంకా పెద్దది. ఒకప్పుడు ప్రతి వ్యాసం అడుగునా మిగతా భాషల పేజీలన్నిటినీ రాసిపెట్టేవారు. ఒకే విషయం 50 భాషల్లో ఉంటే ఒక్కో వ్యాసంలో 49 చొప్పున మొత్తం 2,450 లంకెలు! వాటిని చూసుకోవడానికి బాట్లు అనే స్వయంచాలక ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరిగేవి, ఎక్కడో పడిన ఒక్క తప్పును అన్ని భాషలకూ మోసేవి కూడా. 2012 అక్టోబరు 29న మొదలైన వికీడేటా ఈ చాకిరీని తప్పించింది. అందులో ప్రతి విషయానికీ ‘అంశం’ అనే ఒక పేజీ, దానికో సంఖ్య ఉంటాయి. తెలుగు భాషకు క్యూ8097, హైదరాబాదుకు క్యూ1361. అన్ని భాషల పేజీలూ ఆ ఒక్క అంశానికే తగిలించి ఉంటాయి. 2013 జనవరిలో హంగేరియన్ వికీపీడియా ఈ పద్ధతికి మొదట మారింది. మార్చికల్లా మిగతా వికీపీడియాలన్నీ అదే దారి పట్టాయి.

అన్నీ ఇలా సంఖ్యల్లో ఒదగవు. బోనీ, క్లైడ్ అనే అమెరికా దొంగల జంట గురించి చాలా భాషల్లో ఒకే వ్యాసం ఉంది. కొన్ని భాషల్లో ఇద్దరికీ చెరొకటి ఉంది. ఆ ఒక్కదాన్ని ఏ ఒక్కరికి తగిలించాలి? ఇలాంటి చిక్కులన్నిటికీ వికీడేటాలో ఆ జంట పేరే స్థిరపడిపోయింది.

ఇక వెతుకులాట. 2017 జూన్ నుంచి వికీపీడియాలో ఏదైనా వెతికితే ఫలితాల పక్కనే సోదర ప్రాజెక్టుల్లో దొరికినవీ కనిపిస్తున్నాయి. తెలుగువారికి ఇది పెద్ద మేలు. వికీసోర్స్ అనే సైటు ఉందని వినని వాళ్లకు కూడా అక్కడి పుస్తకం కంటపడే వీలు కలిగింది.

అయితే వెతుకులాట పోల్చేది మాటలనే. ‘వేమన’ అని కొడితే కవితోపాటు 1947లో నాగయ్య నటించిన సినిమా, కడపలోని విశ్వవిద్యాలయం కూడా వస్తాయి. ఊరిపేర్లతో చిక్కు వేరు. ‘రాజమండ్రి’ అని కొట్టినా ‘రాజమహేంద్రవరం’ పేజీకి చేరాలంటే దారిమార్పు ఉండాలి, అది ఉన్న వికీలోనే పనిచేస్తుంది. పాత పుస్తకంలో ‘రాజమహేంద్రవరము’ అని అచ్చయి ఉంటే, ఇప్పటి పేరుతో వెతికేవారికి ఆ పుట దొరకకపోవచ్చు. అందుకే చేత్తో వేసిన లంకె విలువ తగ్గలేదు. ఔత్సాహికులు కష్టపడి టైపు చేసి, అచ్చుతప్పులు దిద్ది వికీసోర్స్‌లో పెట్టిన పుస్తకానికి వికీపీడియా నుంచి దారి లేకపోతే ఆ శ్రమ సగం వృథా. కొత్త వ్యాసం రాయడం ఎంత అవసరమో, ఉన్న పుటలను కలపడమూ అంతే అవసరం.

దానికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. వికీడేటాలో ఆ విషయపు అంశం తెరిచి, ఏ సైటో, అక్కడి పేజీ పేరేమిటో రాసి భద్రపరిస్తే చాలు. కవికి ఒక అంశం, ఆయన రచనకు మరొకటి ఉంటాయన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. వికీసోర్స్‌లోని రచయిత పేజీని కవి అంశానికి, పద్యాల పేజీని రచన అంశానికి తగిలించాలి. ఆ పేజీ అప్పటికే వేరే అంశానికి తగిలించి ఉంటే వికీడేటా ఒప్పుకోదు, అదేదో చూపిస్తుంది. రెండూ ఒకే విషయమని తేలితే ఆ అంశాలను అక్కడే విలీనం చేయవచ్చు.