బంగ్‌టౌన్ రోడ్డులో గోత్రం మార్చుకునే ఈస్ట్

న్యూయార్క్‌లోని మన్‌హట్టన్ నుంచి తూర్పుగా సుమారు 56 కిలోమీటర్లు వెళితే, లాంగ్ ఐలాండ్ ఉత్తరపు ఒడ్డున సముద్రం సన్నగా లోపలికి చొచ్చుకొచ్చిన చోటు ఒకటుంది. పేరు కోల్డ్ స్ప్రింగ్ హార్బర్. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి నుంచి తిమింగలాల వేటకు ఓడలు బయల్దేరేవి. తిమింగలం నూనె నింపే పీపాలకు బిరడాలు ఈ ఒడ్డునే తయారయ్యేవి. ఇంగ్లిషువాళ్లు పీపా బిరడాను బంగ్ అంటారు గనక నీటి వెంట సాగే దారికి బంగ్‌టౌన్ రోడ్డన్న పేరు పడింది. ఓడలు పోయాయి, పీపాలు పోయాయి, పేరు మాత్రం ఉండిపోయింది. ఇప్పుడా దారి పొడవునా ప్రయోగశాలలు. 1890లో జీవశాస్త్ర పాఠాల కోసం మొదలైన చోటు ఇది. 1893 నాటి జోన్స్ ప్రయోగశాల, చెక్కతో కట్టింది, ఇంకా చెక్కుచెదరలేదు.

ఇక్కడికి వచ్చేవాళ్లు మామూలుగా వెతికేది జేమ్స్ వాట్సన్ జాడలు. డీఎన్ఏ జంట మెలికల గురించి ఆయన 1953లో శాస్త్రవేత్తల సభకు చెప్పింది ఇక్కడే. లేదంటే మొక్కజొన్న గింజల రంగులు చూసి, జన్యువులు చోటు మారతాయని కనిపెట్టిన బార్బరా మెక్‌క్లింటాక్ జ్ఞాపకాలు. నాకు మాత్రం ఈ ఊరి కథల్లో ఎక్కువ రుచిగా అనిపించేది వంటింటి జీవి ఒకటి: బేకరీలో పిండిని పొంగించేది, మన తాటికల్లును పులియబెట్టేది, ఈస్ట్.

ఒక్కో ఈస్ట్ కణం మిల్లీమీటరులో సుమారు 200వ వంతు. వీటిలో మగా ఆడా లేవు, రెండు గోత్రాలున్నాయనుకోండి: ఒకటి ‘ఎ’, రెండోది ‘ఆల్ఫా’. సగోత్రీకుల మధ్య పెళ్లి కుదరదు. కాళ్లు లేని ఈ జీవులు ఒకదాన్నొకటి వెతుక్కునే తీరు ముచ్చటగా ఉంటుంది. ఆల్ఫా కణం 13 అమైనో ఆమ్లాల చిన్న గొలుసును చుట్టూ ఉన్న నీటిలోకి వదులుతుంది. అది తగలగానే ‘ఎ’ కణం తన విభజన ఆపేసి, కబురు ఏ దిక్కు నుంచి చిక్కగా వస్తోందో ఆ దిక్కుకు ముక్కు సాచుతుంది. గుండ్రటి కణం కాస్తా సొరకాయ బుర్రలా తయారవుతుంది. 1948లో ఒక అమెరికా కార్టూన్‌లో కనిపించిన ష్మూ అనే జంతువు ఇదే ఆకారం. శాస్త్రవేత్తలు ఈ కణానికీ ష్మూ అనే పేరు పెట్టారు. తీవ్రమైన పరిశోధన పత్రాల్లో సైతం ఆ మాటే వాడతారు.

అసలు చిక్కు గోత్రం మారడం దగ్గర వచ్చింది. దత్తత పోయిన పిల్లాడికి గోత్రం మారినట్టు, అడవి ఈస్ట్‌లో ఒక కణం ‘ఎ’ నుంచి ఆల్ఫాకూ, మళ్లీ ‘ఎ’కూ మారుతుంది, అదీ తరానికోసారి. జన్యువులో తప్పు దొర్లి మారుతోందా అంటే, తప్పు దొర్లడం లక్షల్లో ఒకసారి జరిగే పని. జపాన్ శాస్త్రవేత్తలు తకనో, ఓషిమా 1970ల మొదట్లో ఒక ఊహ చేశారు: చోటు మారే జన్యు ముక్కలేవో ఈ పని చేస్తున్నాయని. ఆ ముక్కలకు వాళ్లు వాడిన మాట మెక్‌క్లింటాక్ తన మొక్కజొన్నకు వాడిందే, ‘నియంత్రక మూలకాలు’. ఆమె ఈ ఒడ్డున చెప్పినప్పుడు రావలసినంత స్పందన రాలేదు. ఆ మాట పసిఫిక్ దాటి జపాన్ వెళ్లి, ఈస్ట్ భుజమెక్కి తిరిగొచ్చింది.

ఓరెగన్ విశ్వవిద్యాలయంలో ఐరా హెర్‌స్కొవిట్జ్, ఆయన శిష్యుడు జేమ్స్ హిక్స్ 1977లో చేసిన పరీక్ష చూడండి. ఆల్ఫా జన్యువు దెబ్బతిని, పెళ్లికి పనికిరాని ఈస్ట్‌ను తీసుకున్నారు. అది ‘ఎ’గా మారింది. తిరిగి ఆల్ఫాగా మారేసరికి జబ్బు మాయం! పాత జన్యువే అటూ ఇటూ తిరగబడి ఉంటే పాత దెబ్బ కూడా తిరిగి రావాలి కదా. అంటే చెడని ప్రతి ఒకటి ఇంకెక్కడో భద్రంగా ఉందన్నమాట. హెర్‌స్కొవిట్జ్ బృందం దీనికి క్యాసెట్ నమూనా అని పేరు పెట్టింది.

క్యాసెట్ కాలం మనవాళ్లకు విప్పి చెప్పక్కర్లేదు. ఈస్ట్‌కున్న 16 క్రోమోజోముల్లో మూడోదాని ఎడమ చివర ఆల్ఫా క్యాసెట్, కుడి చివర ‘ఎ’ క్యాసెట్ దాచి ఉంటాయి. రెండూ మూగవే. మధ్యలో టేప్‌రికార్డర్ ఉంది, అందులో ఉన్నదే పాడుతుంది. గోత్రం మారాలంటే హెచ్‌వో అనే ఎంజైము ఆ మధ్య చోట డీఎన్ఏను రెండు పోగులూ తెగేలా కోస్తుంది. కోత పూడ్చుకునేటప్పుడు కణం అటో ఇటో దాచిన పాటను నకలు తీసుకుంటుంది. షాపులో ఖాళీ టేపు మీద పాటలు ఎక్కించుకునేవాళ్లం చూడండి, అసలు క్యాసెట్ షాపువాడి దగ్గరే ఉండేది, అలాగ. దాచిన క్యాసెట్ల మూతి కట్టి ఉంచేవి సర్ ప్రొటీన్లు. అవి పని మానేస్తే రెండు పాటలూ ఒకేసారి మోగుతాయి. అప్పుడా కణం తనకు పెళ్లయిపోయిందనుకుని ఎవరివైపూ చూడదు!

జత దొరక్క ఒంటరిగా పడ్డ ఈస్ట్ కణానికి ఈ గోత్రం మార్పు ప్రాణాధారం. ఒకసారి బిడ్డను కన్న తల్లి కణానికే గోత్రం మారే వీలుంది. కొత్త బిడ్డకు లేదు; హెచ్‌వోను అణచే యాష్1 ప్రొటీను తాలూకు సందేశాన్ని తల్లి ముందే బిడ్డలోకి మోయించి పంపుతుంది. దాంతో నాలుగు కణాలయ్యేసరికి రెండు పాత గోత్రం, రెండు కొత్తది. తల్లీబిడ్డలే జతకడతారు. మన పెళ్లిళ్ల పేరయ్యలు వింటే చెవులు మూసుకుంటారు.

హిక్స్, జెఫ్రీ స్ట్రాథర్న్, భారతీయుడు అమర్ క్లార్ కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో చేరి, ఆ క్యాసెట్లను డీఎన్ఏ ముక్కలుగా చేతికి తీసుకున్నారు. వాళ్ల గది డావెన్‌పోర్ట్ పేరున్న ప్రయోగశాలలో. మేలుజాతి మనుషులను తయారుచేయాలన్న చెడ్డ శాస్త్రాన్ని ఇదే ఊళ్లో 1910 నుంచి నడిపినవాడు డావెన్‌పోర్ట్. ఆయన పేరున్న కప్పు కింద ఈస్ట్ పెళ్లిళ్ల లెక్క తేలడం నాకైతే తగిన పరిహారంలా తోస్తుంది. తర్వాత ఆ భవనానికి శాస్త్రవేత్త డెల్బ్రూక్ పేరు పెట్టారు. క్లార్ తర్వాతి కాలంలో జనం మధ్య తిరుగుతూ తలల మీది సుడులు ఎటు తిరిగాయో లెక్కపెట్టాడు, ఎడమచేతి వాటానికీ సుడికీ ఒకే జన్యువు కారణమన్నాడు. అందరూ ఒప్పుకోలేదు. రెండు సుళ్లుంటే రెండు పెళ్లిళ్లనే మన పెద్దవాళ్లతో ఆయన మాట్లాడి ఉంటే బాగుండేది. క్యాసెట్లున్న ఆ మూడో క్రోమోజోము మాత్రం చరిత్రకెక్కింది: 1992లో దాని 3,15,000 అక్షరాలూ చదివారు. కేంద్రకమున్న జీవుల్లో మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివిన తొలి క్రోమోజోము అదే.

1970లో జెరాల్డ్ ఫింక్, ఫ్రెడ్ షెర్మన్ మొదలుపెట్టిన వేసవి ఈస్ట్ తరగతి ఈ ఊరి సంప్రదాయమైంది. వేసవి తరగతులవాళ్లు ప్రయోగశాల పళ్లేల దొంతరలు పట్టుకుని పరుగు పందెం వేసుకుంటారు.

చూడాలనుకుంటే మన్‌హట్టన్‌లోని పెన్ స్టేషన్ నుంచి లాంగ్ ఐలాండ్ రైలు, ప్రయాణం గంట పైచిలుకు. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ స్టేషన్ ప్రయోగశాలకు కాస్త దూరం, టాక్సీ కావాలి. కొన్ని రోజుల్లో లోపల నడిపించి చూపిస్తారు, ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. పిల్లలుంటే ఊళ్లో మెయిన్ స్ట్రీట్‌లోని డీఎన్ఏ లెర్నింగ్ సెంటర్‌కు తీసుకెళ్లండి. తిమింగలాల వేట మ్యూజియం కూడా అదే వీధిలో.