శబ్దానికి దిక్కు

విశాఖపట్టణపు రేవుకు పడమటి ప్రక్కగా మల్కాపురం ఉన్నది. సాయంసంధ్య వేళ అక్కడ ఏ ఇంటి డాబా మీదనైనా కన్నులు మూసుకొని ఒక్క నిమిషం నిలుచున్నచో ఊరి పటమంతా చెవులకే తెలిసిపోతుంది. తూర్పున రేవులో ఓడ కూస్తుంది. వాయవ్యాన నౌకాదళపు విమానకేంద్రమైన డేగ నుంచి లేచిన విమానం నెత్తిమీదుగా సాగిపోతుంది. 1957లో కాల్టెక్స్ వారి యాజమాన్యాన ఆరంభమై, నేడు హిందూస్థాన్ పెట్రోలియం వారి అధీనంలో ఉన్న చమురుశుద్ధి కర్మాగారపు హోరు ఎడతెగక వినవస్తుంది. క్రింది వీధిలో ఒక తల్లి ఆటలో మునిగిన బిడ్డను పేరుపెట్టి పిలుస్తుంది. ఏ ధ్వని ఎటునుంచి వచ్చినదో ఒకరు చెప్పనక్కరలేదు.

ఈ ఎరుక ఎట్లా కలుగుతున్నది? కుడివైపు పుట్టిన శబ్దం కుడిచెవికి ముందుగాను, ఎడమచెవికి ఒక్క రవ్వ ఆలస్యంగాను చేరుతుంది. ఆ వ్యవధి సెకనులో వెయ్యవ వంతు కూడా ఉండదు. పైగా తల అడ్డు వచ్చుటచేత సన్నని స్వరాలు ఆవలి చెవిలో కొంత తగ్గి వినిపిస్తాయి. ఈ రెండు గుర్తులను బట్టి మెదడు దిక్కును పోల్చుకొంటుందని 1907లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాలే ప్రభువు వివరించాడు. ముందు వెనుకల భేదం తెలియడానికి చెవిడొప్ప మడతలు, తల కదలిక తోడ్పడతాయి.

ఇంత సూక్ష్మమైన చెవికి యంత్రం చిరకాలం ఒకే రంధ్రంగుండా ధ్వనిని అందించినది. లండనులో ఆలన్ బ్లమ్‌లీన్ అనే ఇంజనీరు 1931లో రెండు పాయల ధ్వనికి పేటెంటు కోరాడు. 1940లో డిస్నీ సంస్థ ‘ఫాంటేసియా’ చిత్రంకోసం ప్రేక్షకుల చుట్టూ స్పీకర్లు అమర్చి చూచినది. తెలుగువారికి 70 ఎం.ఎం. తెరతోపాటు ఆరు పాయల ధ్వనిని 1986లో కృష్ణ తీసిన ‘సింహాసనం’ పరిచయం చేసినది. ఆనాడు పెద్ద థియేటరులకే చెల్లిన ఆ వైభవం నేడు ఇంటి బల్లమీది కంప్యూటరులో ఇమిడి ఉన్నది. ఇమిడి ఉన్నంత మాత్రాన వినిపిస్తున్నదా అన్నదే ప్రశ్న.

ఇది కేవలం సినిమా వినోదానికి సంబంధించిన ప్రశ్న కాదు. ఉత్తరాంధ్ర సొత్తయిన తప్పెటగుళ్ళనే తీసికొనండి. రొమ్మున తప్పెటలు కట్టుకొని కళాకారులు వలయంగా తిరుగుతూ వాయిస్తారు. ఒకరు పాట అందుకొంటే మిగిలినవారు వంత పాడతారు. ఆ వలయం నడుమ మైకులు నిలిపి ఆరు పాయలుగా ధ్వనిని పట్టితే, ముందుతరాల విద్యార్థి ఆ గుండ్రంలో నిలుచున్నట్లే వినగలడు. అదే రెండు పాయలలోకి కుదిస్తే తాళం మిగులుతుంది, పాట మిగులుతుంది; వలయం చెదిరి ఒక గీతగా మారుతుంది. ఆటను చూడని బాలునికి అది గుండ్రంగా తిరిగే ఆట అని చెవి చెప్పలేదు.

కాబట్టి పాయలను చివరిదాకా చెదరకుండా నడిపించడం నేర్వవలసి ఉన్నది. దానికి నాలుగు ద్వారాలు. మొదటిది ఫైలు. ఎం.పి.త్రీ ఫైలులో సాధారణంగా రెండు పాయలే ఉంటాయి. ఫ్లాక్ ఫైలులో ఎనిమిదింటిదాకా ఇముడుతాయి. రెండవది కంప్యూటరు అమరిక. విండోస్‌లో ధ్వని అమరికలు తెరచి, స్పీకర్లను ఎన్నుకొని, కాన్ఫిగర్ అన్నచోట నొక్కితే స్టీరియో, 5.1 వంటి పేర్ల జాబితా కనిపిస్తుంది. 5.1 అనగా ముందు మూడు, ప్రక్కలకు కొంచెం వెనుకగా రెండు, ఇవి కాక మంద్రధ్వనికి ఒకటి. ఆ ఆరవ పాయ 120 హెర్ట్జ్ లోపు స్వరాలకే పరిమితం గనుక దానిని దశాంశంగా లెక్కించారు.

మూడవ ద్వారం తీగ. ఆప్టికల్ తీగ కుదించని ధ్వనిని రెండు పాయలకు మించి మోయలేదు, డాల్బీ, డి.టి.ఎస్. పద్ధతులలో కుదించినదైతే ఆరింటినీ మోస్తుంది. హెచ్.డి.ఎం.ఐ. తీగకు కుదించని ఎనిమిది పాయలను సైతం మోయగల శక్తి ఉన్నది. నాలుగవది గది. మధ్య స్పీకరు శ్రోతకు ఎదురుగా, దానికి ఇరువైపులా 30 డిగ్రీల దూరాన కుడి ఎడమలు, సుమారు 110 డిగ్రీల వద్ద వెనుకటి రెండు, ఈ అయిదూ శ్రోతకు సమానదూరంలో ఉండాలి.

ఇందులో ప్రమాదమేమంటే, ఎక్కడ పొరపాటు జరిగినా యంత్రం ఫిర్యాదు చేయదు. ఆరు స్పీకర్లుండగా రెండే ఉన్నవని కంప్యూటరుకు చెప్పితే, అది మధ్య పాయను సగంసగం శక్తితో కుడి ఎడమలకు పంచి, వెనుకటివాటిని ముందువాటిలో కలిపి, మంద్రపాయను తరచు వదలివేసి పాడుతుంది. రెండే ఉండగా ఆరున్నవని చెప్పితే అంతకన్న అన్యాయం: లేని మధ్య స్పీకరుకు పంపిన మాటలు గాలిలో కలుస్తాయి. వాద్యం మ్రోగుతూనే ఉంటుంది, మనిషి గొంతు మాత్రం వినరాదు. ఇక కొన్ని అమరికలు రెండు పాయలనే అన్ని స్పీకర్లకూ పంచి శ్రోతను భ్రమింపజేస్తాయి. చుట్టూ మ్రోగినదంతా చుట్టూ పుట్టిన ధ్వని కాదు గదా!

దీనికి తగిన పరీక్ష ఉపాధ్యాయులకు చిరపరిచితమైనదే, హాజరు పిలవడం. అదే అమరికలో ఉన్న టెస్ట్ మీట నొక్కితే కంప్యూటరు ఒక్కొక్క స్పీకరునే పలికిస్తుంది. తరగతిలో ఒక విద్యార్థి కన్నులు మూసుకొని మధ్యన కూర్చుండాలి. ప్రతి పిలుపుకూ ధ్వని వచ్చిన దిక్కును వ్రేలితో చూపాలి. వ్రేలు ఒకవైపు, తెరమీది బొమ్మ మరొకవైపు చూపితే తీగలు తారుమారైనట్లే. ఒకరు పలుకకుంటే ఎవరు గైరుహాజరో తెలిసినట్లే. అందరూ తమతమ చోట్లనుంచి పలికిన తరువాతనే ఫైలు తెరవాలి.

మల్కాపురపు డాబా మీద ఈ పరీక్ష అక్కరలేదు. ఆటలో ఉన్న బిడ్డ తల్లి పిలుపు విని తలెత్తి వెదకడు. పిలుపు వచ్చిన వైపుకే పరుగెత్తుతాడు.